తిన్న అన్నము ఒంటికి పట్టుట

"ఎంత తిన్నను పిల్లవానికి ఒంటికి పట్టుట లేదు" అను మాట మన యిండ్లలో తరచుగా వినవచ్చును. పెద్దలు ఈ మాటను ఏ శాస్త్రగ్రంథమును చదివి చెప్పినవారు కారు. అయినను ఇందులో గొప్ప సత్యమొకటి ఇమిడియున్నది. తినుట వేరు, తిన్నది ఒంటికి పట్టుట వేరు. కంచములోని అన్నమునకును, కొడవలి పట్టిన చేతిలోని బలమునకును నడుమ చాల దూరము కలదు. ఆ దారిలో కొన్ని గుమ్మములున్నవి. అవి యన్నియు తెరచియున్నప్పుడే అన్నము బలమగును. ఏ యొక్కటి మూసికొన్నను మనుష్యుడు నిండు కంచము నెదుట కూర్చుండియే క్షీణించిపోవును. ఆ దారి వెంట మనమిప్పుడు కొంతదూరము నడచి చూతము.

అన్నములో శక్తి యున్నదని మనుష్యుడు కొలిచి తెలిసికొన్నది 18వ శతాబ్దపు చివరి భాగమున. ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు లవోషియే, గణిత శాస్త్రజ్ఞుడైన లాప్లాసుతో కలిసి, చుట్టును మంచు నింపిన పాత్రలో ఒక గినీపందిని ఉంచెను. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరగినదో, అది ఎంత బొగ్గుపులుసుగాలిని విడిచినదో కొలిచెను. తరువాత బొగ్గును కాల్చి, అంతే బొగ్గుపులుసుగాలి పుట్టునప్పుడు ఎంత మంచు కరగునో చూచెను. రెండు లెక్కలును ఇంచుమించు సరిపోయినవి. పొయ్యిలో బొగ్గు కాలుటయు, ప్రాణి ఊపిరి పీల్చుటయు ఒకే జాతి కార్యములని దీనివలన తేలినది. ఊపిరి యనునది మంట లేని దహనము.

నూరు సంవత్సరములు గడచిన పిమ్మట, 1890 తరువాతి యేండ్లలో, అమెరికాలో అట్వాటరు అను శాస్త్రజ్ఞుడు మనుష్యుడు కొన్ని దినములపాటు నివసింపదగినంత గదిని నిర్మించెను. లోపలికి పోవు ఆహారమును, బయటికి వచ్చు వేడిని, గాలిని, మలమూత్రములను సైతము కొలుచుటకు అందులో ఏర్పాట్లుండెను. జమాఖర్చులు వ్రాసి చూడగా, వచ్చినదంతయు ఖర్చులోనో నిలువలోనో కనబడినది. శరీరము శక్తిని సృష్టింపజాలదు, ఉన్నదానిని నశింపజేయనుజాలదు. రూపు మార్చుట మాత్రమే దాని పని. ఆ శక్తియు మొదట సూర్యునిదే. వరి ఆకు ఎండను పట్టి గింజలో దాచినది. ఆ గింజను మనము తిని ఆ ఎండనే ఖర్చు పెట్టుచున్నాము.

ఈ జమాఖర్చులకు వాడు కొలతను కెలోరీ యందురు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించుటకు కావలసిన ఉష్ణమే ఆహారశాస్త్రమున ఒక కెలోరీ. పిండిపదార్థము ఒక గ్రాము 4 కెలోరీల నిచ్చును. మాంసకృత్తులును గ్రామునకు 4 ఇచ్చును. నేయి, నూనె మొదలగు క్రొవ్వుపదార్థములు 9 ఇచ్చును. నూరు గ్రాముల బియ్యములో సుమారు 350 కెలోరీల శక్తి యున్నది. ఇక ఖర్చు సంగతి. 60 కిలోల బరువున్న మనుష్యుడు ఏ పనియు చేయక పరుండియున్నను, దినమునకు సుమారు 1,400 కెలోరీలు వ్యయమగును. గుండె కొట్టుకొనవలెను, ఊపిరి ఆడవలెను, ఒంటి వేడి నిలువవలెను. మెదడు శరీరపు బరువులో నూటికి రెండు పాళ్ళే యైనను, ఈ ఖర్చులో నూటికి ఇరువది పాళ్ళు తానే పుచ్చుకొనును. నిద్రించు మనుష్యుడు 60 వాట్ల పాతకాలపు విద్యుద్దీపము వలె రాత్రియంతయు వెలుగుచునే యుండును.

అయితే మన కడుపులో పొయ్యి లేదు. పొయ్యిలో కట్టె ఒక్కసారిగా భగ్గున మండి తన శక్తినంతయు వేడిగా వెదజల్లును. మన శరీరమట్లు చేసినచో మాడి మసియగుదుము. అది అన్నమును 37 డిగ్రీల వేడిలో, మెట్టు మెట్టుగా, ఒక్కొక్క మెట్టువద్దను కొంచెము శక్తిని విడదీసికొనుచు దహించును. ఇక మనము చెప్పుకొన్న గుమ్మములలో మొదటిదానిని చూతము.

మొదటి గుమ్మము ప్రేగు. అన్నము ముద్దను మ్రింగక కొంతసేపు నమలి చూడుడు, అది తియ్యబడును. అన్నములోని పిండి గ్లూకోజు కణికలు గొలుసుగా కూర్చిన పదార్థము. లాలాజలము ఆ గొలుసును తెంపనారంభించుటచేతనే ఆ తీపి. తక్కిన పనిని చిన్న ప్రేగులో క్లోమరసము మొదలగునవి పూర్తిచేయును. చిన్న ప్రేగు సుమారు ఆరు మీటర్ల పొడవుండును. దాని లోపలి గోడ మఖమలు గుడ్డ వలె నూగుతో నిండియుండును. ఆ నూగులోని సన్నని చూషకములే జీర్ణమైన అన్నసారమును రక్తములోనికి పీల్చుకొనును. అంతవరకు మనము తిన్నది కడుపులో నున్నను మనది కాలేదన్నమాటే.

ఈ నూగు చెడినచో ఏమగునో ఉష్ణదేశములలోని సంగ్రహణి వ్యాధి చూపినది. స్ప్రూ యని వైద్యులు పిలుచు ఈ వ్యాధిలో చూషకములు మొద్దుబారి అణగిపోవును. రోగి తిన్నది తిన్నట్లే విరేచనములలో పోవును. రక్తము తగ్గును, నాలుక పూయును, మనుష్యుడు ఎముకల గూడగును. ఒకప్పుడు ఈ వ్యాధి మన గోదావరి తీరమున భీమవరమునకు చెందిన ఒక కుటుంబములో ఇద్దరు అన్నదమ్ములను బలిగొన్నది. మూడవ సోదరుడు కూడ దానివాతబడి, ఆయుర్వేద చికిత్స వలన బ్రతికి బయటపడెను. ఆ సోదరుని కథతో మనకు ముందు పని యున్నది.

రెండవ గుమ్మము జీవకణము. ప్రేగు దాటిన గ్లూకోజు రక్తములో ప్రయాణము చేయును. మన రక్తమంతటిలోను ఏ వేళకైనను ఉండు గ్లూకోజు సుమారు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెమ్చాడు పంచదార. భోజనము కాగానే వచ్చి పడు మిగులును కాలేయము, కండరములు గ్లైకోజెనుగా మార్చి దాచును. అది ఇంట్లో బియ్యపు డబ్బా వంటిది. పూర్తిగా నిండియున్నను ఒక దినపు ఖర్చునకు మించి రాదు. అంతకు మించిన దానిని శరీరము క్రొవ్వుగా మార్చి దాచును. అది పెరటిలోని గాదె వంటిది. పది కిలోల క్రొవ్వున్న మనుష్యుని వద్ద 90,000 కెలోరీల నిలువ యున్నట్లు. ఉపవాసమున మొదట డబ్బా ఖాళీయగును, పిదప గాదె తలుపు తెరచుకొనును.

రక్తములోని గ్లూకోజు కండరములలోనికి ధారాళముగ ప్రవేశింపవలెనన్న ఇన్సులిను అను తాళపుచెవి కావలెను. క్లోమము దానిని తయారుచేయును. కెనడాలోని టొరంటో నగరమున 1921వ సంవత్సరమున బాంటింగు, బెస్టు అను వారు దీనిని కనుగొనువరకు, బాల్యమున మధుమేహము సోకిన పిల్లలు కొలది కాలములోనే ఆకలితో కృశించి మరణించుచుండిరి. రక్తములో చక్కెర పొంగి పొరలుచుండును, మూత్రములో కూడ పోవుచుండును. కణములు మాత్రము పస్తుండును. పెద్దవయసున వచ్చు మధుమేహములో తాళపుచెవి యున్నను తాళము మొరాయించును. ఈనాడు మన బంధువర్గములో మధుమేహ రోగి లేని యిల్లు అరుదు కనుక, ఈ గుమ్మమును గూర్చి వేరుగా వివరింప నవసరము లేదు. రోగి నీరసమని చెప్పినపుడు, "అంత తినుచున్నాడు గదా" యని ఇంటివారు తేలికగా తీసికొనరాదు.

మూడవ గుమ్మము దహనము. అన్నసారము కణములోనికి చేరినది, ఊపిరితో ప్రాణవాయువును చేరినది. ఇక నిప్పంటవలెను. ఇక్కడనే మన తెలుగు దేశము ఒక దుఃఖకరమైన పాఠమును నేర్చుకొన్నది.

20వ శతాబ్దపు పూర్వార్ధమున భారతదేశములో బెరిబెరి యను వ్యాధి ముఖ్యముగా కనబడినది మన ఉత్తర సర్కారు జిల్లాలలోనే. కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పును. కొందరికి ఒళ్ళంతయు నీరుపట్టి, గుండె సోలి ప్రాణము పోవును. తల్లికి ఈ లోపమున్నచో చనుబాలు త్రాగు పసికందులు హఠాత్తుగా కన్నుమూయుదురు. ఇది కరవు సీమ కాదు. ఇది కృష్ణా గోదావరుల నీటితో పండిన పంట పొలముల సీమ. వరి రాసుల నడుమ, కడుపునిండ అన్నము తిన్నవారికే ఈ వ్యాధి వచ్చినది.

కారణము మొదట జావా ద్వీపమున ఒక కోళ్ళ గూటిలో బయటపడినది. డచ్చి వైద్యుడు ఐక్‌మన్ 1890 ప్రాంతముల తన కోళ్ళకు కాళ్ళు పడిపోవుట చూచెను. వానికి ఆ దినములలో ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లని పాలిషు బియ్యపు అన్నము పెట్టుచుండిరి. తవుడుతో కూడిన బియ్యము పెట్టగానే అవి కోలుకొన్నవి. తవుడులో నున్న ఆ వస్తువే బి-1 విటమిను, అనగా థయమిను. ఐక్‌మన్‌కు 1929లో నోబెలు బహుమానము లభించినది. అటుపిమ్మట ఆక్స్‌ఫర్డులో పీటర్సు అను శాస్త్రజ్ఞుడు పావురముల మెదడును పరీక్షించి, థయమిను లేనిచో గ్లూకోజు దహనము నడుమ మెట్టున నిలిచిపోవుననియు, సగము కాలిన పదార్థములు పేరుకొనుననియు చూపెను. తడికట్టెలు పెట్టిన పొయ్యిని తలచుకొనుడు. కట్టెలకు కొరత లేదు, ఇల్లంతయు పొగ, ఎసరు మాత్రము కాగదు.

దినమునకు కావలసిన థయమిను ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు మాత్రమే. ఆ పాటి వస్తువు ఎట్లు పోయినది? రోకటితో దంచిన బియ్యములో కొంత తవుడు నిలుచును. మర ఆడించిన బియ్యములో అది పోయినది. మిగిలిన కొంచెము బియ్యము పలుమార్లు కడుగుటతో పోయినది. గంజి వార్చుటతో ఇంకను కొంత పోయినది. తవుడును, కడుగు నీళ్ళును, గంజియు కుడితి తొట్టిలో పడినవి. ఇంటివారికి తెల్లని అన్నము మిగిలినది, బలము గేదెకు దక్కినది. ఉప్పుడు బియ్యము తిను ప్రాంతములవారు ఈ వ్యాధి నుండి చాలవరకు తప్పించుకొనిరి. ధాన్యమును నానబెట్టి ఆవిరిపట్టి యెండించుటవలన పై పొరలోని విటమిను గింజ లోపలికి ఇంకును. ఆ పిమ్మట మర ఆడించినను పూర్తిగా పోదు.

ఈ బెరిబెరి పరిశోధనకై 1918లో కూనూరున మెకారిసన్ దొర ఆధ్వర్యవమున ఒక్క గదిలో ప్రారంభమైన చిన్న ప్రయోగశాలయే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేరుతో ప్రసిద్ధి చెందినది. ఒక వ్యాధి మనకు మిగిల్చిన మంచి ఇదియొకటి.

ఇక నాలుగవ గుమ్మము. మూడు గుమ్మములు దాటి అన్నము దహనమైనదనుకొందము. ఆ శక్తి కండరమునకు ఏ రూపమున అందవలెను? గాదెలో పుట్ల కొలది ధాన్యమున్నను, బస్సు కండక్టరుకు గుప్పెడు వడ్లిచ్చి టిక్కెట్టు పుచ్చుకొనలేము. చేతిలో చిల్లర యుండవలెను. శరీరములో గుండెకు, మెదడుకు, కండరమునకు, అన్నిటికిని చెల్లు చిల్లర నాణెము ఒక్కటే. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు; పొట్టిగా ఏ.టీ.పీ. యందురు. అందులో భాస్వరపు గుత్తులు మూడు వరుసగా నుండును. చివరి గుత్తి విడివడినపుడు పని జరుగును. అన్నమును దహించి శరీరము ఆ గుత్తిని మరల అతికించును. ఒంటిలో ఏ క్షణముననైనను ఉండు ఏ.టీ.పీ. చాల కొద్ది. కాని అది క్షణక్షణము ఖర్చగుచు మరల తయారగుచుండుటచే, దినమంతటిలో చేతులు మారిన దానిని లెక్కకట్టినచో ఇంచుమించు మన ఒంటి బరువంత యగును.

ఈ నాణెమును కనుగొన్నవారిలో ఒకరు మనవాడు. భీమవరమున 1895వ సంవత్సరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారే, సంగ్రహణికి ఇద్దరు సోదరులను కోల్పోయి తాను బ్రతికి బయటపడిన ఆ సోదరుడు. మద్రాసులో వైద్యము చదివి, అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కి అను ఆచార్యునివద్ద పనిచేసెను. రక్తములోను, మూత్రములోను నున్న భాస్వరమును నీలిరంగు గాఢతను బట్టి కొలుచు పద్ధతిని వారిద్దరును 1925లో ప్రకటించిరి. ఆ కొలబద్దను పట్టుకొని కండరములోనికి చూడగా, 1927లో ఫాస్ఫోక్రియాటిను అను పదార్థము దొరకినది. చిల్లర అయిపోవగానే క్షణములో నింపు చేతిసంచి యది. బరువెత్తునపుడు, పరుగు మొదలిడునపుడు తొలి కొన్ని క్షణముల శక్తి దానిదే. 1929లో ఏ.టీ.పీ. దొరకినది. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడు కూడ స్వతంత్రముగ దానిని కనుగొనెను. అది శరీరమంతటికిని చెల్లు నాణెమను భావమును 1941లో లిప్‌మన్ స్థిరపరచెను. ఆ నాణెమును ముద్రించు యంత్రము కణములోపల తిరుగలి వలె నిజముగనే గిర్రున తిరుగునని తరువాత తేలినది. అందుకు 1997లో బోయరు, వాకరు అను వారికి నోబెలు బహుమానములో భాగము లభించినది.

సుబ్బారావుగారు అంతటితో ఆగలేదు. 1940లో ఔషధ పరిశోధనలో ప్రవేశించి, 1945లో తన సహచరులతో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేయగలిగిరి. సంగ్రహణి రోగులకు వచ్చు రక్తహీనతను కుదుర్చుటకు ఆ మందు అక్కరకు వచ్చినది. సోదరులకు అందని చికిత్స ఇతరుల సోదరులకు అందినది. ఆయన 1948 ఆగస్టున అమెరికాలోనే కన్నుమూసెను.

ఈ శక్తితో మనము చేయు పనియెంత? ఏడుకొండల మెట్లదారిని ఎక్కినవారికి చెమట సంగతి తెలియును. 60 కిలోల మనుష్యుడు 500 మీటర్ల ఎత్తు ఎక్కుటలో నిజముగ జరుగు పని 70 కెలోరీలు మాత్రమే. కాని కండరము తాను ఖర్చు పెట్టిన దానిలో నాలుగవ పాలు మాత్రమే పనిగా మార్చగలదు. తక్కిన మూడు పాళ్ళును వేడియై పోవును. కనుక ఖర్చు 280 కెలోరీలు, అనగా 80 గ్రాముల బియ్యము. మూడు పాళ్ళు వ్యర్థమని చింతింప నక్కరలేదు. చలికాలపు ఉదయమున మన యొంటిని వెచ్చగా నుంచునది ఆ వేడియే. కాని కూర్చుండి పనిచేయువారు రెండు పూటల భోజనముపై చిరుతిండి చేర్చి, కొంచెము నడచినచో సరిపోవుననుకొనుట లెక్కకు నిలువదు. గాదె నింపుట సులభము, తోడుట కష్టము.

ఇంతవరకు చూచినదానిలో గృహస్థులకు పనికివచ్చు నాలుగు మాటలు చెప్పి ముగింతము. బియ్యమును అతిగా కడుగకుడు, అతి తెలుపును కోరకుడు. గంజి వార్చుటకంటె అత్తెసరు పెట్టుట మేలు. వార్చినచో ఆ గంజిని పారబోయకుడు. పప్పు త్వరగా ఉడుకుటకై సోడా వేయుట బి-1 విటమినుకు హాని. అన్నముతో పప్పులు, వేరుసెనగలు, అప్పుడప్పుడు రాగియో జొన్నయో చేర్చినచో ఆ విటమినుకు కొరత రాదు. అన్నిటికంటె ముఖ్యమైన మాట మరియొకటి కలదు. మంచి ఆకలితో తినుచున్నను ఎవరైన బిడ్డగాని, పెద్దగాని చిక్కిపోవుచున్నచో, "ఇంకొక ముద్ద పెట్టుము" అనుట ఒక్కటే మందు కాదు. లోపము కంచములో లేకపోవచ్చును. దారిలోని ఏదో గుమ్మము మూసికొనియుండవచ్చును. ఏ గుమ్మమో వైద్యుడు చూచి చెప్పవలెను. ఆలస్యము చేయరాదు.

"తిన్నది ఒంటికి పట్టవలెను" అని మన పెద్దలు ఆశీర్వదింతురు. ఆ మాటకు ఎంత అర్థమున్నదో ఇప్పుడు మనకు తెలిసినది. ఈ పూట మన విస్తరిలో వడ్డించిన అన్నము రేపటి ఉదయమునకు ఒకరి నడకగను, ఒకరి మాటగను, ఒక బిడ్డ యెదుగుదలగను మారగాక యని కోరుచు సెలవు తీసికొందము.